వాళ్ళు సౌందర్యం అన్న నా పొట్ట

మార్చి 3, సోమవారం

ఊరికే ధర కనుక్కుందామని వెళ్ళాను. అంతే. చేయించుకునే ఉద్దేశమే ఉంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేదాన్ని కదా.

ప్లాస్టిక్ సర్జన్ గారి గదిలో కుర్చీలు బాగా మెత్తగా ఉన్నాయి. కుర్చీ ఇంత మెత్తగా ఉన్న చోట బిల్లు గట్టిగానే ఉంటుందని కూర్చోగానే తెలిసిపోయింది. ఆయన నా పొట్ట చర్మాన్ని రెండు చేతులతో ఎత్తి, బట్టల కొట్లో గుడ్డ నాణ్యం చూసేవాడిలా అటూ ఇటూ తిప్పాడు.

"ఎన్ని కిలోలు తగ్గారమ్మా?"

"యాభై ఏడు."

"ఆపరేషన్ చేయించుకునా?"

"కాదండీ. నడిచి, నోరు కట్టుకుని. రెండున్నరేళ్ళు పట్టింది."

"చాలా గొప్ప విషయం" అని, ఆ గొప్ప విషయం మీద ఊదారంగు మార్కరుతో గీతలు గీశాడు. పొట్టకి రెండు లక్షల ముప్ఫై వేలు. రెండు చేతులకీ కలిపి లక్షా నలభై. నా చెవులు గుయ్యిమన్నాయి. సరుకు వదిలించుకోవడానికి పైసా ఖర్చు కాలేదు, ఖాళీ సంచి పారెయ్యడానికి ఇంతా!

"ఊరికే అడిగానండీ. మా స్నేహితురాలి కోసం" అన్నాను, పొట్ట మీద గీతలతో.

ఆయన నవ్వకుండా, "మీ స్నేహితురాలికి ఇన్సూరెన్స్ ఉందా?" అన్నాడు. మంచివాడు.

గీతలు సబ్బుకి లొంగలేదు. సాయంత్రం మా ఆయన చూసి, "ఏంటిది, ఎవరికైనా దారి గీసి చూపించావా?" అన్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి, ఏ విషయమూ గబుక్కున అడగడు. జరిగింది చెప్పాను. కంటికి భూతద్దం అలాగే ఉంచుకుని, "బాగా నొప్పి పుడుతుందంటావా?" అన్నాడు.

"నేనేం చేయించుకోవట్లేదు కదా!" అన్నాను.

మార్చి 6, గురువారం

ఇన్సూరెన్స్‌కి పెట్టాం, పొట్టకీ చేతులకీ కలిపి. పోయేదేముంది, కాగితమేగా.

ఫొటోలు కావాలన్నారు. ముందు గదిలో వెలుతురు బాగుంటుందని నన్ను అక్కడ గోడకి ఆనించి నిలబెట్టి, మా ఆయన ఫోను పట్టుకున్నాడు. "కాస్త నవ్వు" అన్నాడు.

"ముఖం పడకూడదటండీ! మెడ కింద నుంచే."

"పడకపోతేనేం, నవ్వితే పొట్ట కూడా కాస్త సర్దుకుంటుంది."

నవ్వినందుకు పొట్ట ఇంకా జారింది. అదే పంపాం.

మార్చి 19, బుధవారం

కొట్టేశారు.

"మీరు కోరిన శస్త్రచికిత్స సౌందర్య సంబంధమైనది కావున" అట. కింద సంతకం, దాని కింద క్లెయిముల పరిశీలనాధికారి. తొంభై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చట.

సౌందర్యం! ఎండ ముదిరితే ఆ పొట్ట మడత కింద ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. పౌడరు వేస్తే ముద్దవుతుంది, మందు రాస్తే జారుతుంది. రోజుకి ఏడెనిమిది గంటలు డ్రైవింగ్ స్కూలు కార్లో కూర్చునే ఉద్యోగం నాది. సీటు బెల్టు సరిగ్గా ఆ పుండు మీద నుంచే పోతుంది. సాయంత్రం చొక్కా తీస్తే చొక్కాతో పాటు కొంత నేనూ వస్తాను. ఆ అధికారి గారు దీన్ని చూసి సౌందర్యం అన్నాడంటే, పాపం ఇంట్లో ఆయన జీవితం ఎలా ఉందో.

నేను తగ్గిన పుణ్యాన బీపీ మాత్రలు పోయాయి, షుగర్ మాత్రలు పోయాయి. వాళ్ళకి మిగిలింది తప్ప పోయిందేముంది? అసలు నాకే ఏడాదికోసారి ఓ పూలగుత్తి పంపాలి.

మార్చి 24, సోమవారం

ఇది ఎవరికీ చెప్పకూడదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఉదయం ఎనిమిది గంటల క్లాసుకి కొత్తాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. సన్నగా, కళ్ళద్దాలు, చొక్కా జేబులో మూడు పెన్నులు. స్టీరింగ్‌ని వేడి గిన్నెలా పట్టుకున్నాడు. భయం పోవడానికి మామూలుగా అడిగినట్టే, "ఏం చేస్తుంటారు సార్?" అన్నాను.

కంపెనీ పేరు చెప్పాడు. మాదే. అంటే నన్ను కొట్టేసిందే.

"అందులో ఏ పని?"

"క్లెయిములు చూస్తానండీ. సర్జరీలవి. మా బ్రాంచిలో అవి చూసేది నేనొక్కణ్ణే."

ఇంకేం అడగలేదు. "క్లచ్ మెల్లగా వదలండి సార్" అన్నాను. నా గొంతు నాకే తేనెలా వినిపించింది.

ఈయన నా పొట్ట చూశాడు. నా ముఖం చూడలేదు. డ్రైవింగ్ స్కూల్లో నన్ను అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. పేరు ఎవరికి కావాలి?

మార్చి 25, మంగళవారం

చెప్పలేదు. ఆయన అడగలేదు కదా.

ఏప్రిల్ 2, బుధవారం

ఫైలాయన (అలాగే పిలుచుకుంటున్నాను) భయమేస్తే మాట్లాడతాడు. లారీ ఎదురొస్తే ఆఫీసు సంగతులన్నీ బయటికొస్తాయి. అందుకని ఇవాళ లారీల రోడ్డుకి తీసుకెళ్ళాను. అన్ని రోడ్లూ నేర్పాలి కదా.

"కొట్టేసినవాళ్ళు మళ్ళీ పెట్టుకుంటే ఎప్పుడైనా పాసవుతాయా సార్?" అన్నాను, అద్దం సర్దుతూ.

"ఎందుకవ్వవండీ? జనానికి పెట్టడం రాదు, అంతే. ఫొటోలు పంపుతారు. ఫొటో చూసి ఎవడు పాస్ చేస్తాడు? చర్మం డాక్టరు చీటీలు పెట్టాలి. మూణ్ణెల్లు మందు వాడినా తగ్గలేదని రాయించాలి. ఉద్యోగానికి అడ్డమొస్తోందని పనిచేసే చోటు నుంచి ఒక ఉత్తరం. ఈ మూడూ ఉంటే కొట్టెయ్యడానికి మాకు చెయ్యి రాదు... అమ్మో లారీ!"

"లారీ దాని దారిన పోతుంది సార్. మీ లైనులో మీరుండండి. ఉత్తరం ఎవరు రాయాలన్నారూ?"

అంతా ఆయన ట్రైనింగ్ కార్డు వెనకే రాసుకున్నాను.

తిరిగొస్తుంటే ఆయనే నవ్వుతూ, "మొన్నొకావిడ పంపిన పొట్ట ఫొటో వెనక గోడ నిండా గడియారాలండీ. ఓ ఇరవై ఉంటాయి. ఏ రెండూ ఒక టైము చూపించట్లేదు. నేను ఫైలు చదవడం మానేసి అసలు టైమెంతయ్యుంటుందా అని చూస్తూ కూర్చున్నా" అన్నాడు.

నా వైపు ఉన్న బ్రేకు తొక్కేశాను. "కుక్క అడ్డమొచ్చింది సార్" అన్నాను. రోడ్డు మీద కుక్క కాదు కదా, కాకి కూడా లేదు.

ఫైలు చదవలేదట. గడియారాలు చూస్తూ కూర్చున్నాడట.

ఏప్రిల్ 11, శుక్రవారం

బాగానే తోలుతున్నాడు. బాగానే అంటే, ఫర్వాలేదు. అంటే, ముందుకి బాగానే తోలుతున్నాడు.

ఆయన భార్య వేరే ఊళ్ళో నర్సు. నెలలు నిండుతున్నాయి. పెళ్ళయిన పన్నెండేళ్ళకి మొదటి కాన్పు. మే మూడో వారంలో అన్నారట. ఇక్కణ్ణుంచి ఆ ఊరికి రెండు బస్సులు మారాలి, కార్లో అయితే గంటంబావు. బావమరిది పాత కారు ఇచ్చాడట. నడిపేవాడు లేక ఇంటి ముందు దుమ్ము కొట్టుకుపోతోందట.

"మేలోపు లైసెన్సు వచ్చేస్తుందంటారా టీచరమ్మా?"

"మీ చేతిలోనే ఉంది సార్" అన్నాను. అబద్ధం కాదు. నా చేతిలో కూడా ఉందని చెప్పలేదు, అంతే.

ఏప్రిల్ 18, శుక్రవారం

చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఏడాదిన్నరగా రాసిచ్చిన చీటీలన్నీ బిస్కెట్ల డబ్బాలో కుక్కి పెట్టాను. డబ్బా టేబుల్ మీద బోర్లిస్తే ఆవిడే నోరు తెరిచింది. "ఇన్నాళ్ళూ ఇవెందుకు పంపలేదమ్మా?"

"ఫొటో బాగా వచ్చిందని" అన్నాను.

చక్కటి ఉత్తరం రాసింది. చదివితే నా మీద నాకే జాలేసింది.

మధ్యాహ్నం స్కూలు ఓనరమ్మ కార్డులు తిరగేస్తూ, "ఈ పెన్నులాయన ఇంకా వస్తున్నాడా? నీ దగ్గర ఎవరైనా పదిహేను క్లాసుల్లో టెస్టుకెళ్తారే" అంది.

"కాస్త మందం" అన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

రివర్సు ఇంకా సరిగ్గా రాలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

రివర్సు రాలేదు అంటే, వచ్చింది. సందులో రెండు గోడల మధ్య నుంచి వెనక్కి గీత గీసినట్టు తెచ్చాడు. నాకు కనిపించింది. కానీ ఎడమ అద్దం ఒక్కసారే చూశాడు. రెండుసార్లు చూడాలి.

"టెస్టుకి రాయించమంటారా?" అన్నాడు.

"వచ్చే వారం చూద్దాం సార్. తొందరేముంది, కాన్పుకి ఇంకా మూడు వారాలుంది కదా."

"మీరెలా అంటే అలా." అంత బుద్ధిగా అన్నాడు, నాకు చిరాకేసింది. మనిషన్నాక కాస్త పోట్లాడాలి.

ఉద్యోగానికి అడ్డు అన్న ఉత్తరంలో ఏ ముక్క ముందు రాయాలో ఆయన నోటి నుంచి ఇంకా రాబట్టలేదు. అది ఒక్కటీ తెలిస్తే ఆయన్ని టెస్టుకి పంపించేస్తాను. అదనపు క్లాసులన్నిటికీ ఆయన డబ్బు కడుతూనే ఉన్నాడు. ఆ సంగతి నేను ఆలోచించట్లేదు.

అన్నం తింటుండగా మా ఆయన, "మీ ఫైలాయన ఏమంటున్నాడు?" అన్నాడు. ఆ పేరు ఈయనకెప్పుడు చెప్పాను? నిద్రలో కలవరిస్తున్నానేమో.

మే 6, మంగళవారం

ఫైలాయన ఉదయం చాక్లెట్ల పెట్టెతో వచ్చాడు. ఆడపిల్ల. శనివారం పుట్టింది. పదహారు రోజులు ముందే.

మధ్యాహ్నం పన్నెండుకి వాళ్ళావిడ తను డ్యూటీలో ఉన్న వార్డు నుంచే ఫోన్ చేసిందట, నొప్పులొస్తున్నాయని. ఈయన బస్టాండుకి పరిగెత్తాడు. మొదటి బస్సు గంటకి గానీ కదల్లేదు. రెండోది దారిలో టైరు మార్చుకుంది. దిగి ఆస్పత్రికి నడిచి వెళ్ళేసరికి సాయంత్రం అయిదున్నర. పాప పుట్టి రెండు గంటలయింది. మధ్యలో బిడ్డ గుండె చప్పుడు తగ్గిందని ఆపరేషన్ చేశారట. కాగితం మీద సంతకం ఆవిడే పెట్టుకుందట, నొప్పులు పడుతూనే.

"కారు ఇంటి ముందే ఉందండీ. తాళం నా జేబులోనే ఉంది" అన్నాడు. "లైసెన్సు లేకుండా, రివర్సు రాకుండా ఎలా తీస్తాను? మీరు ఎంత ఓపిగ్గా నేర్పారు. నాకే చేతకాలేదు."

ఒక చాక్లెట్టు నా చేతిలో పెట్టాడు. అది అరచేతిలో కరిగిపోయే దాకా పట్టుకునే ఉన్నాను.

మే 7, బుధవారం

మా ఆయనకి చెప్పాను. మొత్తం. కార్డు వెనక రాసుకున్నవి కూడా చూపించాను.

ఆయన చేతిలో ఉన్న గడియారం పక్కన పెట్టాడు. పని మధ్యలో గడియారం పక్కన పెట్టడం నేను ఇరవై రెండేళ్ళలో చూళ్ళేదు.

"పిల్లికి చెలగాటం అంటారే, అందులో నువ్వు ఎలుకవేమో అని జాలిపడుతూ వచ్చాను ఇన్నాళ్ళూ" అన్నాడు.

"నేను మరీ అంత చెడ్డదాన్నా?"

"చెడ్డదానివి కాదు. తెలివైనదానివి. అదే వచ్చిన చిక్కు."

మే 8, గురువారం

కారు బడి గోడ పక్కన ఆపించి, ఇంజను కట్టెయ్యమని చెప్పాను. ఒక్క ఊపిరిలో అనేశాను.

"ఆ గడియారాల పొట్ట నాదే సార్. మీకు రివర్సు పది రోజుల కిందటే వచ్చేసింది. మీ నోటి నుంచి క్లెయిము మాటలు రాబట్టడానికి నేనే ఆపాను."

ఆయన కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"మా ఆవిడ ఆ సంతకం పెట్టేటప్పుడు..." అని ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తి చేసి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. 

అదనపు క్లాసుల డబ్బు కవర్లో పెట్టి తెచ్చాను. డాష్‌బోర్డు మీద పెట్టాను. ఆయన దాని వైపు చూడలేదు.

రోడ్డు వైపే చూస్తూ, "ఇక ఆ ఫైలు నేను ముట్టుకోకూడదు. మీరు నాకు తెలిసినవాళ్ళు అని రాసి ఇంకొకరికి పంపాలి. హెడ్డాఫీసులో ఒకావిడ ఉంది. ఆవిడ చేతికి వెళ్ళిందంటే..." అని తల అడ్డంగా ఊపాడు. "చెప్పకుండా ఉంటే నేనే పాస్ చేసి ఉండేవాణ్ణేమో టీచరమ్మా."

కొండనాలుకకి మందేసుకున్నాను. ఉన్న నాలుక సంగతి ఆవిడ చేతిలో ఉంది.

"టెస్టు సోమవారానికి రాయించాను సార్" అన్నాను.

కవరు తీసుకోకుండా దిగి నడిచి వెళ్ళిపోయాడు.

మే 9, శుక్రవారం

రాలేదు.

మే 12, సోమవారం

వచ్చాడు. టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టరు మొహం చూస్తేనే మా స్కూలు వాళ్ళు సగంమంది ఫెయిలవుతారు. ఈయన ఎనిమిదంకె వేసి, ఎత్తు మీద ఆపి, వెనక్కి తెచ్చి నిలబెడితే ఇన్‌స్పెక్టరు, "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగాడు. ఫైలాయన నా వైపు చెయ్యి చూపించాడు. అంతే.

కవరు ఓనరమ్మ చేత ఇప్పించాను. లెక్కలో పొరపాటు జరిగిందని చెప్పింది పాపం. ఆవిడకీ అబద్ధం నేర్పాను.

మే 15, గురువారం

అప్పీలు పంపాను. చీటీలు, డాక్టరమ్మ ఉత్తరం, స్కూలు ఉత్తరం. ఫొటోలు ఈసారి చర్మం డాక్టరు దగ్గర తీసినవే, వెనక తెల్ల గోడ. ఆయన చెప్పిన మూడూ పెట్టాను. నిజాలే కదా. ఎవరి నోట విన్నా నిజం నిజమే. ఇలా అనుకుంటే కాసేపు బాగానే ఉంటోంది.

జూన్ 10, మంగళవారం

హెడ్డాఫీసు ఆవిడ ఫోన్ చేసింది. పలకరింపు లేదు.

"రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారు?"

పన్నెండు అందామని నాలుక చివరి దాకా వచ్చింది. "ఏడు, ఎనిమిది" అన్నాను.

"పుండ్ల వల్ల సెలవు ఎన్ని రోజులు పెట్టారు?"

"ఏడాదిలో పదకొండు."

"పదకొండే కదా?"

"సెలవు పెడితే జీతం కోస్తారండీ. అందుకని మిగతా రోజులు పుండ్లతోనే వెళ్ళాను."

అవతల పెన్ను చప్పుడు. "సరే. చేతులకీ అడిగారు. చేతులకి ఏం జబ్బు?"

ఇక్కడ ఒక చిన్న పుండు కల్పిస్తే చాలు. ఎంతోసేపు కూడా పట్టదు. నాకు వచ్చిన విద్యే. మా ఆయన ఎదురుగా ఏదో మీట తిప్పుతూ, నా వైపు చూడనట్టు నటిస్తున్నాడు.

"చేతులకేం కాలేదండీ. చూడ్డానికి బాగోవు, అంతే."

"అంటే సౌందర్యం."

"అవునండీ. చేతులు మాత్రం సౌందర్యమే."

అవతల చిన్న శబ్దం వచ్చింది. దగ్గు అయ్యుంటుంది. ఆవిడ నవ్వుతుందంటే ఎవరూ నమ్మరు.

జూన్ 17, మంగళవారం

పొట్ట పాసయింది! చేతులు ఫెయిలు.

కంపెనీ పొట్ట ఖర్చులో ఎనభై శాతం ఇస్తుంది. మిగతాది, నెలన్నర జీతం లేని సెలవు, ఆపరేషన్ తర్వాత కట్టుకునే బిగుతు బెల్టు, అన్నీ కలిపితే మేం దాచుకున్నది సరిగ్గా సరిపోతుంది. మా ఆయన, "కొత్త లేతు మిషను కోసం దాచింది ఉంది. చేతులు కూడా చేయించేసుకో" అన్నాడు.

"వద్దండీ. చేతులతో నాకేం గొడవ లేదు" అన్నాను. రెండు నిమిషాలు నమ్మాను కూడా. తర్వాత స్నానాల గదిలో అద్దం ముందు కాస్త ఏడ్చాను. లేతు మిషనే కొనమని చెప్పాను.

జూలై 4, శుక్రవారం

ఎల్లుండి ఇంటికి పంపిస్తారట. బుధవారం చేశారు. దగ్గితే ప్రాణం పోతోంది, నవ్వితే రెండుసార్లు పోతోంది. నన్ను నవ్వించొద్దని మా ఆయనకి నర్సు వార్నింగ్ ఇచ్చింది.

తీసేసింది మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు. సర్జన్ చెప్పగానే మా ఆయన, "ఇంకో వంద ఉంటే రౌండుగా ఉండేది" అన్నాడు. నర్సు ఆయన్ని బయటికి పంపేసింది.

మధ్యాహ్నం దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసుకున్నాను. కట్టు, దాని కింద నొప్పి, దాని కింద నేను. మధ్యలో ఎవరూ లేరు.

జూలై 20, ఆదివారం

నిటారుగా నిలబడ్డాను. పుండు లేదు. ఇంకేం రాయాలో తెలియట్లేదు.

ఆగస్టు 9, శనివారం

పొద్దున్న ఇంటి ముందు కారు ఆగింది. పాతది, తుడిచి తుడిచి మెరిపించారు. ఫైలాయన దిగాడు. వెనక సీట్లోంచి భార్య, చేతుల్లో మూడు నెలల పాప. ఆయనకి ఆవిడ ఊరికి బదిలీ అయ్యిందట, సామాను ముందే వెళ్ళిపోయిందట. దారిలో ఆగారు.

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి, "మా ఆయనకి రివర్సు రానివ్వని టీచరమ్మ మీరేనా?" అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడానికి కూడా నాకు టైమివ్వలేదు. "నేనేనమ్మా" అన్నాను. "ఆ రోజు మీ ఆయన మీ పక్కన లేకపోవడానికి కారణం నేనే. ఏం చెప్పినా అది తిరిగి రాదు."

"రాదు" అంది ఆవిడ, మెత్తగా ఏమీ కాదు. తర్వాత పాపని నా వైపు చాపింది. "పట్టుకోండి. కుట్లు మానాయా? బరువు పెట్టకండి, కూర్చుని పట్టుకోండి." నర్సు కదా.

కూర్చుని పట్టుకున్నాను. ఒళ్ళోకి తీసుకుంటే పాప కాళ్ళు నా పొట్టకి ఆనాయి. చదునుగా ఉంది కాబట్టి బాగా తన్నడానికి వీలయింది. మా ఆయన ఒక చిన్న గోడ గడియారం తెచ్చి ఫైలాయన చేతిలో పెట్టాడు. "ఇది మాత్రం సరైన టైమే చూపిస్తుందండీ."

ఫైలాయన నవ్వాడు. మే నెల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. "వేసవిలో సెలవులకొస్తే మా ఆవిడకి కూడా నేర్పుతారా? పదిహేను క్లాసుల్లో."

"పన్నెండు చాలు సార్" అన్నాను.

కారు కదిలింది. వీధి చివర మలుపు దాకా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను. వెనక అద్దంలోంచి ఆవిడ పాప చెయ్యి పట్టుకుని ఊపించింది. కారు మలుపు తిరిగిపోయింది. నేను ఆపేశాను. చేతి కింద చర్మం మాత్రం ఇంకో రెండు ఊపులు ఊపింది.